విత్తనానికి మందు ఎలా పట్టించాలి: కుండ, కవరు, తిప్పే డ్రమ్ము

జూన్ వచ్చి రెండు వానలు పడ్డాయంటే చాలు మా ఊళ్ళో ఎక్కడ నలుగురు కూచున్నా ఒకటే మాట, ఈసారి విత్తనానికి ఏ మందు కలుపుతున్నావు అని. ఆమదాలవలస వైపు మా చుట్టాలు ఫోన్ చేసినా అదే, విజయనగరం నుంచి మా బావమరిది ఫోన్ చేసినా అదే. ఎలా కలపాలి అని అడిగేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. నేను పదిహేనేళ్ళ పైబడి వరి, వేరుశెనగ, మినుము వేస్తున్నాను, మధ్యలో కొన్నాళ్ళు మొక్కజొన్న కూడా వేశాను. నేను చూసిందేంటంటే మంచి మందు కొన్నవాళ్ళు కూడా దాన్ని గింజకి సరిగ్గా పట్టించక ఆ డబ్బులు మట్టిలో పోసేస్తున్నారు. అందుకే మందుల కంటే పట్టించే పద్ధతి గురించీ, దానికి వాడే సామాను గురించీ ఎక్కువ రాస్తున్నాను, కొంచెం పొడుగే అవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక లెక్క చూడండి. కిలో వడ్లలో దగ్గర దగ్గర 40 నుంచి 50 వేల గింజలుంటాయి. కిలో మినుముల్లో 20 వేల పైనే. వేరుశెనగ పిక్కలైతే కిలోకి రెండు, రెండున్నర వేలు. వరికి తెగులు మందు కార్బెండజిమ్ పొడి కిలోకి 3 గ్రాములు అంటారు కదా, అంటే చిన్న చెంచాడు. ఆ చెంచాడు పొడి నలభై వేల గింజల్లో ప్రతి ఒక్కదానికీ అంటాలి. మనం చేసేదేంటి, గోనె పరిచి వడ్లు కుప్ప పోసి పైన పొడి జల్లేసి చేత్తో రెండుసార్లు అటూ ఇటూ తిప్పేసి అయిపోయింది అనుకుంటాం. పైన ఉన్న గింజకి రెండు మూడింతలు మందు పడుద్ది, కిందున్న దానికి వాసన కూడా తగలదు. ఎక్కువ పట్టిన గింజ మొలక కుంగిపోద్ది, అస్సలు పట్టని గింజ తెగులు పట్టుకుని మొలిచి పక్క మొక్కకి అంటిస్తుంది. అందుకే ఇది మందు కొనే పని కంటే కలిపే పని అని నేను చెప్తాను.

ఇలా గింజకి మందు పట్టించడం, అదే విత్తన శుద్ధి, దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్నది కూడా తెలిసుండాలి. వరిలో గింజ ద్వారా వచ్చే అగ్గితెగులు, గోధుమ మచ్చ తెగులు తొలి దశలో తగ్గుతాయి, ఆకుమడిలో నారు కుళ్ళడం తగ్గుతుంది. ఎండాకు తెగులు బాక్టీరియా వల్ల వస్తుంది, దానికి కార్బెండజిమ్ ఏమీ చెయ్యదు. వేరుశెనగలో మొలిచిన పది ఇరవై రోజుల్లో మొదలు దగ్గర నల్లటి మసి లాంటి బూజు కట్టి మొక్క వాలిపోద్ది చూడండి, ఆ మొదలుకుళ్ళుకి విత్తన శుద్ధిని మించింది లేదు, ఎందుకంటే మొక్క వాలాక పైనుంచి ఏం కొట్టినా ఆ మొక్క మళ్ళీ లేవదు. మినుము, పెసరలో మొదటి రెండు మూడు వారాలు తామర పురుగు, తెల్లదోమ ఆగుతాయి, ఆకుముడతకీ పల్లాకు తెగులుకీ దారి తీసేవి అవే. ఆ తర్వాత మందు బలం అయిపోద్ది, అప్పట్నుంచి పొలంలో తిరిగి మనమే చూసుకోవాలి.

ఇప్పుడు డబ్బా చదవడం. చాలామంది పేరు చూస్తారు, ఆ పేరు పక్కనున్న అంకె, అక్షరాలు చూడరు. డీఎస్ అని ఉంటే పొడిగా పట్టించేది. డబ్ల్యూఎస్ అంటే కొద్ది నీళ్ళలో కలిపి చిక్కటి పాలలాగా చేసి పట్టించేది. ఎఫ్ఎస్ అంటే చిక్కటి ద్రవం, విత్తనం కోసమే తయారుచేసింది, గింజకి అంటుకునే పదార్థమూ మామూలుగా రంగూ అందులోనే ఉంటాయి. ఎస్ఎల్, ఈసీ అని ఉన్నవి ఎక్కువగా పిచికారీ కోసం చేసినవి. ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక ఏడాది మినుముకి పురుగు మందు ఇమిడాక్లోప్రిడ్ అడిగితే దుకాణంలో 17.8 ఎస్ఎల్ ఇచ్చారు, నేనూ చూసుకోలేదు, కిలోకి 5 మిల్లీలీటర్లు పట్టించేశాను. 600 ఎఫ్ఎస్ లో లీటరుకి 600 గ్రాముల అసలు మందు ఉంటే ఆ ఎస్ఎల్ లో 200 గ్రాములే ఉంటుంది, అంటే మూడో వంతు, పైగా గింజకి అంటుకుని ఉండదు. ఎర్రగా అవ్వాల్సిన గింజలు నల్లగా మెరుస్తూనే ఉన్నాయి, అప్పుడైనా అనుమానం రావాలి, రాలేదు. మూడో వారం రాకముందే చిగుళ్ళు ముడుచుకుపోయాయి.

కొలత సామాను దగ్గర పిసినారితనం వద్దు. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా లాంటిది ఒకటి, గ్రాము దాకా తూగేది, ఈ పనికే విడిగా కొనండి, మళ్ళీ వంటింట్లోకి పోకూడదు. ద్రవానికి 10 మిల్లీలీటర్ల సిరంజి సూది లేకుండా, మెడికల్ షాపులో చాలా తక్కువకి వస్తుంది. మూతతో కొలిచాను, చెంచాతో కొలిచాను అంటారు, ఒక్కో డబ్బా మూత ఒక్కోలా ఉంటుంది. విత్తనం తూకానికి పాత కాటా అయినా పర్వాలేదు గానీ కుంచాలతో కొలిచి ఉజ్జాయింపుగా కిలోలు అనుకోవద్దు, తేమని బట్టీ రకాన్ని బట్టీ కుంచం బరువు మారిపోద్ది.

ఇంకొకటి, ఎంత విత్తనం ఉన్నా ఒకేసారి కలపకండి. ఎకరం వేరుశెనగకి 60 కిలోల పిక్కలు అనుకోండి. తెగులు మందు టెబుకోనజోల్ 2 డీఎస్ కిలోకి 1 గ్రాము చొప్పున 60 గ్రాములు కావాలి. అరవై కిలోలూ ఒక కుప్ప పోసి అరవై గ్రాములూ జల్లారంటే ఎప్పటికీ సమానంగా కలవదు. పదేసి కిలోల చొప్పున ఆరు వాయిలు చేసుకోండి, ముందే ఆరు కాగితం పొట్లాల్లో పదేసి గ్రాములు తూచి పెట్టుకోండి. ఒక వాయి అవ్వగానే ఒక పొట్లం ఖాళీ, లెక్క తప్పే పనే లేదు. పెద్ద పెద్ద విత్తన ప్లాంట్లలో లక్షలు పోసి కొన్న మెషీన్లు చేసేదీ ఇదే పని. అక్కడ ఒక తొట్టి ఉంటుంది, అందులో సరిగ్గా ఇంత బరువు విత్తనం పడగానే అది బోర్లా పడుద్ది, అదే టైములో ఒక చిన్న గిన్నె మందు ద్రావణం పక్కనుంచి ఒంపుతుంది. ఇంకో రకం ఉంది, దాంట్లో గిరగిరా తిరిగే పళ్ళెం మీద మందు పడి పొగమంచులా చెదిరిపోద్ది, దాని చుట్టూ విత్తనం తెరలాగా జారుతూ తడుస్తుంది. ఏది చూసినా సూత్రం ఒకటే, ఇంత తూకం విత్తనానికి ఇంత కొలత మందు. మనం కాటాతో, సిరంజితో, పొట్లాలతో అదే చేస్తున్నాం.

ఇక దేంట్లో కలపాలి. మా అమ్మ కుండలో కలిపేది. పాత మట్టికుండలో మూడింట రెండు వంతులు విత్తనం, పైన మందు, మూతికి పాలిథీన్ కాగితం కప్పి దాని మీద గుడ్డ బిగించి కట్టి, ఒళ్ళో పెట్టుకుని ఇటు ఒకసారి అటు ఒకసారి వొంచుతూ పది నిమిషాలు ఊపేది. లోపల గింజలు సర్రున జారిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఐదారు కిలోల లోపు విత్తనానికి ఇది ఇప్పటికీ మంచి పద్ధతే. రెండు జాగ్రత్తలు మాత్రం. కుండ నిండా పొయ్యకూడదు, కదలడానికి చోటు లేకపోతే ఊపినా గింజలు ఉన్నచోటే ఉంటాయి. రెండోది, మట్టికుండ మందుని పీల్చుకుంటుంది, ఎన్నిసార్లు కడిగినా పోదు, ఆ కుండ ఇంక నీళ్ళకీ కోళ్ళ గింజలకీ వాడకూడదు.

కుండ లేనోళ్ళకి దళసరి ప్లాస్టిక్ కవరు. ఇరవై కిలోలు పట్టే కవర్లో ఐదు కిలోలే వెయ్యండి, మందు వేసి లోపల గాలి నింపి మూతి మెలిపెట్టి పట్టుకోండి, బెలూన్ లా ఉబ్బి ఉండాలి. ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఇటు లేపి అటు దించుతూ ఓ ఐదు నిమిషాలు. ఆ గాలే ఇక్కడ అసలు పని చేసేది, గాలి తీసేస్తే కవరు గింజలకి అతుక్కుపోయి మందంతా ప్లాస్టిక్ కే అంటుద్ది. కవరు తెల్లగా ఉంటే లోపల రంగు ఎలా పడుతుందో కళ్ళకి కనబడుద్ది కూడా, మినుము, పెసర, మొక్కజొన్నలకి నేను ఇప్పటికీ కవరే వాడతాను.

పది కిలోలు దాటితే తిప్పే డ్రమ్ము. కొనొచ్చు, ఊళ్ళో వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు కూడా. మేము నలుగురం కలిసి చేయించుకున్నాం. అరవై లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తీసుకుని, ఇనుప పైపుని మధ్యలోంచి నిలువుగా కాకుండా పైన ఒక మూల నుంచి కింద ఎదురు మూలకి ఐమూలగా దూర్చాం. ఆ ఐమూలే ముఖ్యం. పైపు తిన్నగా ఉంటే డ్రమ్ము తిరిగినా విత్తనం అడుగున ఒకేచోట దొర్లుతూ ఉంటుంది. ఐమూలగా ఉంటే ఒకసారి డ్రమ్ము మూతి వైపు, ఇంకోసారి అడుగు వైపు పడుతూ లేస్తూ మొత్తం కలగలిసిపోద్ది. పైపు దూరిన కన్నాల దగ్గర రబ్బరు వాషర్లు బిగించండి, లేకపోతే మందు కారి తిప్పేవాడి కాళ్ళ మీద పడుద్ది. రెండు ఇనుప స్టాండుల మీద పైపు కూచోబెట్టి ఒక పక్క చేతి పిడి. అంతే.

డ్రమ్ములో సగానికి మించి పొయ్యొద్దు. తిప్పే వేగం నిమిషానికి పాతిక, ముప్పై చుట్లు. కుర్రాళ్ళకి ఇస్తే సరదాకి గిరగిరా తిప్పేస్తారు, మరీ జోరుగా తిరిగితే గింజలు గోడకి అతుక్కుని డ్రమ్ముతో పాటే తిరుగుతాయి, ఒకదాని మీద ఒకటి పడవు, కలవవు. చెవి పెట్టి వినండి, ఒక్కో చుట్టుకీ గింజలు దబ్బున పడ్డ చప్పుడు రావాలి. చప్పుడు ఆగిపోయి గుర్రుమని ఒకే మోత వస్తుందంటే వేగం ఎక్కువైనట్టు. మందు కూడా ఒకేసారి పొయ్యకుండా సగం వేసి రెండు నిమిషాలు తిప్పి, మూత తీసి మిగతా సగం వేసి మళ్ళీ తిప్పండి. మొత్తం ఐదు నుంచి పది నిమిషాలు.

స్లాబులకి కాంక్రీటు కలిపే మిల్లర్ లో కలపొచ్చా అని అడుగుతారు. వరి లాంటి గట్టి గింజైతే కలపొచ్చు, ఊరంతా ఒకేసారి ఎదలు చల్లే (నారు పోయకుండా నేరుగా పొలంలో విత్తనం జల్లే) టైములో వంద కిలోలు చెయ్యాలంటే అదే తేలిక. కానీ లోపల గోడలకి పట్టిన సిమెంటంతా గీకి కడిగి ఎండబెట్టాలి, సిమెంటు సున్నం గుణం కలది, కొన్ని మందులు దానికి తగిలితే విరిగిపోతాయి. వేరుశెనగ పిక్కలు మాత్రం మిల్లర్ లో వెయ్యకండి, లోపలి రేకులకి కొట్టుకుని బద్దలైపోతాయి. బద్దలు మొలవవు.

వేరుశెనగ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను ఎక్కువ పోగొట్టుకున్నది ఇక్కడే. మా గరువు నేలలో రెండెకరాలు వేసిన ఏడాది, పురుగు మందు ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్ఎస్ కిలోకి 2 మిల్లీలీటర్లు. పది కిలోలకి 20 మిల్లీలీటర్లు, అంత కొంచెం అన్ని పిక్కలకీ ఎలా సరిపోద్ది అనిపించి దాంట్లో అర లీటరు నీళ్ళు కలిపేశాను. రంగు బ్రహ్మాండంగా పట్టింది, చూసి మురిసిపోయాను. తెల్లారి చేత్తో తీస్తే పిక్క మీద పల్చటి ఎర్రపొర నాని, ముడతలు పడి, వేలికి తగలగానే ఊడి వస్తోంది. మా పక్క పొలం మావ చూసి, ఏటి బావూ, పొరలు ఊడిపోనాయి కదా, ఇంక మొలుస్తాయేటి అన్నాడు. ఆయన అన్నట్టే సాలుకి సగం ఖాళీలు. ఆ పొరే పిక్కకి రక్షణ, అది ఊడితే భూమిలో బూజుకి ఎదురు లేదు, బద్దలు కూడా విడిపోతాయి.

అప్పట్నుంచి నేను పాటించే లెక్క ఏంటంటే మందూ నీళ్ళూ కలిపి మొత్తం తడి వేరుశెనగకి కిలోకి 5, 6 మిల్లీలీటర్లు దాటకూడదు. పది కిలోలకి 20 మందు, 30 నుంచి 40 నీళ్ళు, అంతే. చూడ్డానికి చాలదనిపిస్తుంది, తిప్పుతూ ఉంటే చాలుతుంది. వేరుశెనగకి డ్రమ్ము కంటే టార్పాలిన్ ఇంకా మంచిది, పదేసి కిలోలు మధ్యలో పోసి ద్రావణాన్ని చిన్న చేతి స్ప్రేయర్ తో పల్చగా జల్లుతూ, ఇద్దరు ఎదురెదురు కొసలు పట్టుకుని పిక్కలు ఇటు నుంచి అటు మెల్లగా జారేలా ఎత్తాలి. చేత్తో పిసకడం, రుద్దడం వద్దు. నీడలో పల్చగా ఆరబెట్టి, చేతికి తడి అంటకుండా అయ్యాక తెగులు మందు పొడి, టెబుకోనజోల్ 1 గ్రాము గానీ మాంకోజెబ్ 3 గ్రాములు గానీ పట్టించుకోవచ్చు. కాయలు కూడా విత్తడానికి వారం పది రోజుల ముందే కొట్టుకుంటే మంచిది, నెలల ముందు కొట్టి బస్తాల్లో పెట్టిన పిక్కకి పొర అప్పటికే గాట్లు పడి ఉంటుంది.

వరి సంగతి. మన వైపు రెండు రకాలు కదా, ఎదలు చల్లేవాళ్ళు ఉన్నారు, ఆకుమడి పోసి ఉభాలు చేసేవాళ్ళు, అంటే నారు తీసి నాటేవాళ్ళు, ఉన్నారు. ఎదకి, మెట్ట ఆకుమడికి పొడి పద్ధతి, కిలోకి 3 గ్రాముల కార్బెండజిమ్, డ్రమ్ములో. దమ్ము చేసిన (నీళ్ళు పెట్టి బురదగా దున్నిన) ఆకుమడికి తడి పద్ధతి, దీనికి డ్రమ్ము అక్కర్లేదు, పెద్ద ప్లాస్టిక్ తొట్టె చాలు. లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ చొప్పున, కిలో విత్తనానికి లీటరు ద్రావణం. అంటే శ్రీకాకుళం సన్నాలో, ఎంటీయూ 1121 శ్రీధృతో, ఏ వరి రకమైనా ఎకరానికి 25 కిలోలు అనుకుంటే 25 లీటర్లలో 25 గ్రాములు. ముందు కొద్ది నీళ్ళలో పొడిని ఉండలు లేకుండా కలిపి తర్వాత తొట్టెలో పొయ్యండి, మధ్యమధ్యలో కర్రతో తిప్పండి, ఎందుకంటే ఆ పొడి నీళ్ళలో పూర్తిగా కరగదు, అడుక్కి దిగుతుంది. 24 గంటలు నానాక తీసి నీళ్ళు ఓడ్చి గోనెలో 24 గంటలు మండె కట్టాలి (మూటకట్టి మొలకెత్తనివ్వాలి), మొలక ముక్కు కనబడగానే చల్లుకోవాలి. నానబెట్టిన ఆ నీళ్ళు చెరువులోకి, పశువుల కుడితి దగ్గరికి పోనివ్వకండి.

ఈ రెండింటికీ ముందు ఒక పని ఉంది, ఉప్పునీళ్ళ పరీక్ష. బకెట్ నీళ్ళలో కోడిగుడ్డు వేసి ఉప్పు కలుపుతూ పోతే ఒక దగ్గర గుడ్డు తేలి పైన రూపాయి బిళ్ళంత కనబడుద్ది. ఆ నీళ్ళలో వడ్లు పోస్తే తాలు, అరగింజ పైకి తేలుతాయి, తీసెయ్యండి. మునిగినవి మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడగాలి, ఉప్పు మిగిలితే మొలకకి దెబ్బ. పొడి పద్ధతి చేసేవాళ్ళు మళ్ళీ బాగా ఆరబెట్టాకే మందు పట్టించాలి. తాలు గింజకి మందు పెట్టి లాభం లేదు కదా.

మినుము, పెసర. వరి కోతకి ముందు మాగాణిలో జల్లే మినుము ఎకరానికి 16 నుంచి 18 కిలోలు పడుద్ది, ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్ఎస్ అయితే కిలోకి 5 మిల్లీలీటర్లు, థయోమిథాక్సామ్ 70 డబ్ల్యూఎస్ అయితే 5 గ్రాములు. ఐదు మిల్లీలీటర్ల ఎఫ్ఎస్ కి వేరే నీళ్ళు అక్కర్లేదు, అదే చాలు. కవర్లో ఐదు నిమిషాలు ఊపితే గింజ గింజకీ పడుద్ది.

పప్పు జాతికి, వేరుశెనగకి రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి మొక్కకి నత్రజని అందించేది) కూడా పట్టించేవాళ్ళు ఒక్క వరస గుర్తుపెట్టుకోండి, తెగులు మందూ పురుగు మందూ ముందు, అవి ఆరాక రైజోబియం అన్నిటికంటే ఆఖర్న. అది పొడి కాదు, ప్రాణమున్న బాక్టీరియా. వంద మిల్లీలీటర్ల నీళ్ళలో పది గ్రాముల బెల్లం వేసి మరిగించి పూర్తిగా చల్లార్చి, అందులో 200 గ్రాముల ప్యాకెట్ కలిపితే జావలా అవుద్ది, దాన్ని విత్తనానికి పట్టించి నీడలోనే ఆరబెట్టి ఆ రోజే విత్తెయ్యాలి. బెల్లం నీళ్ళు వేడిగా ఉండగా కలపొద్దు, ఆరడానికి ఎండలో పెట్టొద్దు, రెండు రకాలుగానూ బాక్టీరియా చచ్చిపోద్ది. తెగుళ్ళని అణిచే ట్రైకోడెర్మా విరిడి కిలోకి 10 గ్రాములు పట్టించాలనుకుంటే కార్బెండజిమ్ లాంటి తెగులు మందులతో కలిపి పెట్టకండి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, శిలీంధ్రాన్ని చంపే మందు దాన్ని వదిలిపెట్టదు. రెండిట్లో ఒకటి ఎంచుకోండి.

మొక్కజొన్న హైబ్రిడ్ విత్తనం ఎర్రగానో గులాబీగానో ముందే మందు పట్టించి వస్తుంది. ఏం పట్టించారో ప్యాకెట్ మీద రాసుంటుంది, అది చదవకుండా పైన మళ్ళీ పట్టించొద్దు. కత్తెర పురుగు కోసం సయాంట్రానిలిప్రోల్, థయోమిథాక్సామ్ కలిసిన ఎఫ్ఎస్ మందు కిలోకి 4 మిల్లీలీటర్లు, అది ముందే పట్టించి ఉంటే వదిలెయ్యండి, ఒక్క తెగులు మందే ఉంటే కవర్లో వేసి ఇది పట్టించుకోవచ్చు. తొలి రెండు మూడు వారాలు కాపాడుద్ది, ఆ తర్వాత మొక్క సుడిలో (నడిమి ఆకుల మధ్య) పురుగు కోసం చూసుకుంటూ ఉండాల్సిందే.

సరిగ్గా పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది. నేను చేసేది చెప్తాను. డ్రమ్ము పైనుంచి ఒక గుప్పెడు, మధ్య నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి తెల్ల గుడ్డ మీద విడివిడిగా పోసి చూస్తాను. మూడు కుప్పలూ ఒకే రంగులో ఉన్నాయా, ఒక్కో కుప్పలో రంగు అస్సలు లేని గింజలు ఎన్ని, ముద్దగా కట్టుకున్నవి ఎన్ని. వందలో రెండు మూడు పాలిపోయినవి ఉంటే ఊరుకుంటాను, పది ఉంటే ఇంకో మూడు నిమిషాలు తిప్పుతాను. రంగులేని పొడి మందైతే ఇది కుదరదు, అప్పుడు పొట్లాల లెక్క, తిప్పిన నిమిషాల లెక్క గట్టిగా పాటించాలి. ఇంకోటి, కొత్త మందు వాడే ఏడాది ముందు వంద గింజలకి మాత్రం పట్టించి తడి గోనెలో చుట్టి మొలక చూడండి, మందు పట్టించనివి ఇంకో వంద పక్కన పెట్టండి. తేడా ఎక్కువుంటే మోతాదు ఎక్కడో తప్పినట్టే.

ఇంక మనుషుల సంగతి, ఇది తేలిగ్గా తీసుకోకండి. డబ్బా మీద నలుచదరంలో కింద సగానికి రంగుంటుంది, ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఏ రంగైనా సరే రబ్బరు గ్లౌజులు, ముక్కుకి మాస్కు, ఒంటి నిండా చొక్కా ఉండాలి. పొడి మందు కలిపేటప్పుడు గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. చావిట్లో తలుపులేసి కలపొద్దు, ఆరుబయట చెట్టు నీడన కలపండి. మా వైపు ఆడవాళ్ళే ఎక్కువ ఈ పని చేస్తారు, ఒక చేత్తో విత్తనం కలుపుతూ మధ్యలో పిల్లాడికి అన్నం పెట్టినోళ్ళని చూశాను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు ఆ చుట్టుపక్కలకి రావొద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు మొహం కడుక్కుని, బట్టలు విడిగా ఉతకాలి.

మందు పట్టించిన గింజ తినే గింజ కాదు, కడిగినా కాదు. 1971లో ఇరాక్ లో కరువు వస్తే విత్తనం కోసం బయట దేశాల నుంచి గోధుమలు, బార్లీ తెప్పించారు, పాదరసం మందు పట్టించి గుర్తుకి ఎర్రరంగు వేసి పంపారు. బస్తాల మీద హెచ్చరిక వాళ్ళకి రాని భాషల్లో ఉంది. పల్లెటూళ్ళ జనం ఎర్రరంగు కడిగితే పోయింది కదా, విషం కూడా పోయిందనుకుని రొట్టెలు చేసుకుని తిన్నారు. 6,500 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, ఆసుపత్రుల్లోనే 459 మంది చనిపోయారు. ఆ పాదరసం మందులు ఇప్పుడు మన దేశంలో నిషేధం, కానీ ఇప్పటి మందులు కూడా కడిగితే పోయేవి కావు, అంటుకుని ఉండాలనే చేసినవి. వేరుశెనగ మిగిలింది కదా అని పిల్లలకి వేయించి పెట్టడం, మినుములు కోళ్ళకి జల్లడం, రెండూ చెయ్యొద్దు. చల్లేటప్పుడు గట్టు మీద ఒలికిన గింజల మీద కూడా మట్టి కప్పెయ్యండి, నెమళ్ళు, పావురాలు ఏరుకు తింటాయి.

అందుకే రేపు విత్తేదానికి ఎంత కావాలో అంతే ఈరోజు పట్టించండి. వాన పడక ఆగిపోయి మిగిలిందంటే గాలి ఆడే కొత్త గోనెలో పోసి, మీద విషం అని పెద్దక్షరాలతో తెలుగులో రాసి, తినే గింజలకి దూరంగా ఎత్తున పెట్టండి, మళ్ళీ విత్తే ముందు మొలక చూసుకోండి. డ్రమ్ము కడిగిన నీళ్ళు బావి గట్టున, చెరువు గట్టున పొయ్యకుండా పొలంలోనే ఒక మూల గుంట తీసి పోసి మట్టి కప్పండి. మేము నలుగురం మా డ్రమ్ముకి ఎర్ర పెయింటుతో విషం అని రాసి మూత తీసేసి కొట్టంలో బోర్లించి పెడతాం, ఎందుకంటే బోర్లించకపోతే ఎవరో ఒకరు దాంట్లో నీళ్ళు పట్టేస్తారు.